లఘుచిత్రోత్సవ నిర్వహణ

పాఠ్యభాగ పరిచయం

సాహిత్యం, సంగీతం, నాటకం, చిత్రలేఖనం వంటి కళలతో పోల్చినప్పుడు సినిమా వయస్సులో చిన్నది. ప్రభావంలో మాత్రం దేనికీ తీసిపోనిది. ఆ సినిమాలోనూ తక్కువ నిడివి గల లఘుచిత్రం నేడు యువతరానికి బాగా అందుబాటులోకి వచ్చిన కళారూపం. చిత్రం తీయడం ఒక ఎత్తు. దానిని ప్రేక్షకుల ముందుకు సక్రమంగా తీసుకొనిపోవడం మరొక ఎత్తు. పరిమితమైన వనరులతో, పెద్ద సంస్థల అండ లేకుండా ఒక చిన్న లఘుచిత్రోత్సవాన్ని నిర్వహించడంలోని సాధకబాధకాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

సినిమా లఘుచిత్రంగానే పుట్టింది. 1895 డిసెంబరు 28న పారిస్ నగరంలోని గ్రాండ్ కెఫేలో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన పది చిత్రాలలో ఒక్కొక్కదాని నిడివి ఇంచుమించు ఒక నిమిషం మాత్రమే. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో భారతీయ ప్రేక్షకులు మొదటిసారిగా చూసినవీ అటువంటి చిన్న చిత్రాలే. తెలుగు చలనచిత్ర పితామహుడుగా ఖ్యాతి పొందిన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్ అనే ప్రదర్శన యంత్రాన్ని సంపాదించి, మద్రాసులోను, తరువాత బర్మా, సింహళ దేశాలలోను ప్రజలకు చూపించినవి కూడా లఘుచిత్రాలే.

కాలక్రమంలో కథాచిత్రాల నిడివి పెరిగింది. థియేటరు వ్యాపారమంతా రెండు మూడు గంటల చిత్రం చుట్టూ స్థిరపడింది. పది నిమిషాల చిత్రం కోసం టిక్కెట్టు కొనేవారు లేరు కనుక, దానిని కొని ప్రదర్శించే వ్యాపారీ లేకుండా పోయాడు. ఆ విధంగా సినిమాకు తొలిరూపమైన లఘుచిత్రం సినిమాహాలుకే దూరమయింది. నేడు ఆస్కార్ పురస్కారాల నిబంధనల ప్రకారం పేర్లు కనిపించే సమయంతో కలిపి నలభై నిమిషాలకు మించని చిత్రం లఘుచిత్రం. ఇతర చిత్రోత్సవాలు తమ తమ అవసరాలను బట్టి వేరువేరు పరిమితులు పెట్టుకొంటాయి.

నిడివి తక్కువైనంత మాత్రాన లఘుచిత్రం పెద్ద చిత్రానికి నమూనా కాదు. కథానిక నవలకు సంక్షిప్త రూపం కానట్లే లఘుచిత్రానికి కూడా తనదైన నిర్మాణం, తనదైన వేగం ఉన్నాయి. ఒకే అనుభవాన్ని, ఒకే సంఘటనను, ఒక్కొక్కప్పుడు ఒకే చూపును పట్టుకొని ప్రేక్షకహృదయంలో నిలపడం దాని లక్షణం. తెలుగులో కథానిక వికసించడానికి పత్రికలు తోడ్పడ్డాయన్న సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. పత్రిక కథను ఎన్నుకొంది, అచ్చువేసింది, పాఠకుని ఇంటికి చేర్చింది. కథానికకు పత్రిక ఎటువంటిదో లఘుచిత్రానికి చిత్రోత్సవం అటువంటిది. కాబట్టి చిత్రోత్సవ నిర్వాహకుడు కేవలం సభా నిర్వాహకుడు కాడు; అతడు సంపాదకుడు కూడా. ఈ విషయాన్ని గుర్తించడంలోనే అతని బాధ్యత అంతా ఇమిడి ఉంది.

చేతిలో సెల్‌ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ చిత్రం తీయగలిగిన ఈ రోజుల్లో, తీసిన మరునాడే దానిని అంతర్జాలంలో ఉంచగలిగిన ఈ రోజుల్లో, చిత్రోత్సవంతో పని ఏమిటని కొందరు ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. అయితే ఫోన్‌లో చూసేవాడు ఒంటరిగా చూస్తాడు, సగంలో ఆపుతాడు, ఆపిన సంగతి కూడా మరచిపోతాడు. చీకటి గదిలో వందమంది కలసి కూర్చున్నప్పుడు ఒకరి నవ్వు మరొకరికి అంటుకొంటుంది. ఒకరి నిశ్శబ్దం మరొకరిని ఆలోచింపజేస్తుంది. తాను అనుకొన్న చోట జనం నవ్వారో లేదో, తాను ఊహించని చోట ఎందుకు కదలిపోయారో దర్శకుడు కళ్లారా చూసి నేర్చుకొనే అవకాశం అక్కడే లభిస్తుంది. ఎన్నిసార్లు చూశారో తెలిపే అంకె ఆ పాఠాన్ని నేర్పలేదు.

కొన్ని ఉదాహరణలు

ప్రపంచంలో నేడు పేరెన్నిక గన్న లఘుచిత్రోత్సవాలు చిన్న ప్రయత్నాలుగానే మొదలయ్యాయి. జర్మనీలో బొగ్గు గనులకు, ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన రూర్ ప్రాంతంలో ఓబర్‌హౌజన్ అనే పట్టణం ఉంది. అక్కడి వయోజన విద్యాసంస్థ అధిపతి హిల్మార్ హాఫ్‌మన్ 1954లో విద్యాచిత్రాల ప్రదర్శన దినాలను ప్రారంభించాడు. దేశం రెండు ముక్కలై, ప్రపంచం రెండు శిబిరాలుగా చీలి ఉన్న కాలమది. ఆ ఉత్సవం ‘పొరుగువాని వద్దకు దారి’ అన్న భావాన్ని తన నినాదంగా స్వీకరించి, తూర్పు యూరప్ దేశాల చిత్రాలను సైతం ఆహ్వానించింది. 1962 ఫిబ్రవరి 28న ఆ వేదికపైనే 26 మంది యువ చిత్రకారులు పాత సినిమా కాలం ముగిసిందని, కొత్త సినిమాను తామే సృష్టిస్తామని ఒక ప్రకటన చేశారు. జర్మన్ సినిమా చరిత్రలో అది ఒక మలుపు.

ఫ్రాన్స్ దేశపు నడిబొడ్డున ఉన్న క్లెర్మోఁ-ఫెరాఁ నగరం టైర్ల పరిశ్రమకు ప్రసిద్ధి. ఆ నగర విశ్వవిద్యాలయంలోని విద్యార్థుల ఫిల్మ్ క్లబ్ 1979లో ఒక లఘుచిత్ర వారోత్సవాన్ని జరిపింది. 1982 నుంచి అది పోటీలతో కూడిన జాతీయ ఉత్సవంగాను, 1988 నుంచి అంతర్జాతీయ ఉత్సవంగాను ఎదిగింది. నేడు లఘుచిత్రాలకు ప్రపంచంలో అతి పెద్ద ఉత్సవంగా దానిని పేర్కొంటారు. ఏటా శీతకాలంలో జరిగే ఆ ఉత్సవ ప్రదర్శనలకు హాజరు లక్షన్నరకు మించిన సంవత్సరాలున్నాయి. వారికి ఆనాడు ఉన్న పెట్టుబడి ఉత్సాహం, క్రమశిక్షణ, తమ ఊరి ప్రేక్షకులపై నమ్మకం.

మన దేశంలో ఈ సంస్కారానికి బీజం వేసినవి ఫిల్మ్ సొసైటీలు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించారు. 1959లో ఇటువంటి సంస్థల సమాఖ్య ఏర్పడగా దానికి రాయ్ అధ్యక్షుడయ్యాడు. తెలుగునాట 1974లో ఏర్పడిన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ వంటివి ఉత్తమ చిత్రాలను చూసే అలవాటును పెంపొందించాయి. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో 2006లో మొదలైన ‘ప్రతిరోధ్ కా సినిమా’ ఉత్సవం మరొక మార్గాన్ని చూపింది. వాణిజ్య సంస్థల ప్రాయోజకత్వం తీసుకోకుండా, ప్రేక్షకులు ఇచ్చే చిన్న చిన్న విరాళాలతోనే నడవడం దాని నియమం. ఎవరి డబ్బుతో ఉత్సవం జరుగుతుందో వారి మాట చెల్లుతుందన్న వాస్తవాన్ని గ్రహించినవారు పెట్టుకొన్న నియమమది.

సన్నాహాలు

ఉత్సవం తలపెట్టినవారు మొట్టమొదట తేల్చుకోవలసినది ఉద్దేశం. విద్యార్థుల చిత్రాలా, ఒక జిల్లా జీవితాన్ని చూపే చిత్రాలా, డాక్యుమెంటరీలా, ఏదైనా భాషకు చెందినవా? అన్నీ కావాలనుకొనే చిన్న ఉత్సవం దేనికీ న్యాయం చేయలేదు. ఉద్దేశం ఒక్క వాక్యంలో చెప్పగలిగినప్పుడే మిగిలిన పనులన్నీ సులభమవుతాయి.

తరువాతిది బృందం. ఏడెనిమిది మంది చాలు. చిత్రాలను స్వీకరించి పట్టికలో నమోదు చేసేవారు, హాలు, పరికరాలు చూసేవారు, జమాఖర్చులు రాసేవారు, ప్రచారం చేసేవారు, అతిథులను చూసుకొనేవారు అని పనులు విభజించుకోవాలి. ఒకరి పని అందరిదీ అయినప్పుడు అది ఎవరిదీ కాకుండా పోతుంది.

ఖర్చు విషయంలో హాలు అద్దె, ప్రొజెక్టరు, ధ్వనిపరికరాలు, జనరేటరు, కరపత్రాలు, దూరం నుంచి వచ్చే దర్శకుల ప్రయాణ వ్యయం, భోజనం, టీ అన్నవి ముఖ్యం. కళాశాల సెమినార్ హాలు, గ్రంథాలయ భవనం, కళాభారతి వంటి చోట్లు ఉచితంగానో తక్కువ అద్దెకో దొరికితే సగం భారం తగ్గినట్లే. శాలువాలకు, పూలదండలకు, నిలువెత్తు ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చును మంచి స్పీకర్లకు పెట్టడం మేలు. బొమ్మ కొంచెం మసకబారినా ప్రేక్షకుడు ఓర్చుకొంటాడు. మాట వినిపించకపోతే మాత్రం లేచిపోతాడు.

చిత్రాల ఎంపిక

చిత్రాలను ఆహ్వానించే ప్రకటనలో నిడివి, భాష, చివరి తేదీ, ఎంపిక పద్ధతి, రుసుము ఉంటే దాని వివరం స్పష్టంగా ఉండాలి. ఎంపిక సంఘంలో ముగ్గురు లేదా ఐదుగురు ఉంటే అభిప్రాయభేదం వచ్చినప్పుడు నిర్ణయం తీసుకోవడం తేలిక. వచ్చిన ప్రతి చిత్రాన్ని మొదటి నుంచి చివరి వరకు చూడడం సంఘం ధర్మం. ఇది వినడానికి చిన్నమాటే. లెక్క వేసి చూస్తే దాని బరువు తెలుస్తుంది.

రెండు వందల చిత్రాలు వచ్చాయనుకొందాం. సగటున ఒక్కొక్కటి పన్నెండు నిమిషాలైతే మొత్తం 2400 నిమిషాలు, అంటే 40 గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున చూస్తే ఒక సభ్యునికి ఇరవై రోజులు పడుతుంది. ఉత్సవం రెండు రోజులు, రోజుకు మూడు ప్రదర్శనలు, ప్రదర్శనకు 80 నిమిషాలు అనుకొంటే 480 నిమిషాల కాలం లభిస్తుంది. అందులో నలభై చిత్రాలు మాత్రమే ఇముడుతాయి. నలభై మందికి ఆహ్వానం పంపే చేతితోనే నూట అరవై మందికి నిరాకరణ పంపవలసి ఉంటుంది. ఆ నూట అరవై మందిలో ఇంట్లో మాటపడి, మిత్రుల వద్ద అప్పుచేసి తీసినవారు ఉండవచ్చు. తన చిత్రాన్ని ఎవరో ఒకరు పూర్తిగా చూశారన్న నమ్మకం కలిగినప్పుడే నిరాకరణను మనిషి గౌరవంగా స్వీకరించగలడు. అందుకే ఫలితాన్ని చెప్పిన తేదీకి తెలపడం, మర్యాదగల నాలుగు వాక్యాల లేఖ రాయడం నిర్వాహకుల కనీస కర్తవ్యం.

విరాళమిచ్చినవారి అబ్బాయి తీశాడనో, ముఖ్య అతిథి సిఫారసు చేశాడనో చిత్రాన్ని చేర్చుకొంటే ఆ స్థానంలో ఉండవలసిన మరొకరిని వెలుపలకు నెట్టినట్లే. నిర్వాహకుల సొంత చిత్రాలను పోటీలో ఉంచరాదు. ఎంపిక సంఘ సభ్యునికి సంబంధించిన చిత్రం వస్తే దాని పరిశీలన నుంచి ఆ సభ్యుడు తప్పుకోవాలి. అంతర్జాలంలో మాత్రమే ఉండి, రుసుము తీసుకొని, ఏ తెరపైనా ప్రదర్శించకుండానే పురస్కార చిహ్నాలను పంచిపెట్టే ఉత్సవాలు కూడా నేడు ఉన్నాయి. వాటి వలన యువకుల డబ్బుతో పాటు పురస్కారమనే మాటకున్న విలువ కూడా పోతున్నది. చిన్న ఉత్సవానికి ఉన్న ఏకైక ఆస్తి విశ్వసనీయత. అది ఒకసారి పోతే మరుసటి ఏడాది మంచి చిత్రాలు రావు.

అనుమతులు

చిత్రం హక్కుదారుని లిఖితపూర్వక అనుమతి లేకుండా ప్రదర్శించరాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ఆ హక్కును కాపాడుతున్నది. సినిమాపాటలను, ఇతరుల సంగీతాన్ని అనుమతి లేకుండా తమ చిత్రాలలో వాడుకోవడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు. చిత్రంలోని సంగీతానికి హక్కులున్నాయని దర్శకుని నుంచి ముందే హామీపత్రం తీసుకోవడం మంచిది.

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి ధ్రువపత్రం అవసరం. అయితే ఆ చట్టంలోని తొమ్మిదవ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి మినహాయింపు ఇచ్చే అధికారం కల్పించింది. చిత్రోత్సవాలు కేంద్ర సమాచార ప్రసార శాఖకు దరఖాస్తు చేసి ఆ మినహాయింపును పొందుతాయి. ఈ నిబంధన చుట్టూ వివాదాలూ వచ్చాయి. 2004 నాటి ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవానికి భారతీయ చిత్రాలు ధ్రువపత్రంతోనే రావాలన్న షరతు పెట్టగా దర్శకులు నిరసించారు. షరతును ఉపసంహరించారు, అయినా తరువాత పలు విమర్శనాత్మక చిత్రాలకు చోటు దక్కలేదు. అప్పుడు దర్శకులే పూనుకొని, అదే సమయంలో, అదే నగరంలో ‘వికల్ప్’ పేరుతో ప్రత్యామ్నాయ ఉత్సవాన్ని జరుపుకొన్నారు. ఒక తలుపు మూసుకొన్నప్పుడు మరొక తలుపును తెరవగలగడం చిన్న ఉత్సవానికున్న శక్తి అని ఆ సంఘటన నిరూపించింది.

ప్రదర్శన

చిత్రాల వరుసను కూర్చడం హారం గుచ్చడం వంటిది. వరుసగా మూడు విషాద చిత్రాలు వస్తే మూడవదాని బలం ప్రేక్షకునికి అందదు. గంభీరమైనదాని తరువాత కాస్త తేలికైనది, మాటలు ఎక్కువ ఉన్నదాని తరువాత దృశ్యప్రధానమైనది ఉండేటట్లు చూడాలి. చిత్రానికీ చిత్రానికీ మధ్య కొన్ని క్షణాల చీకటి అవసరం. ఇతర భాషా చిత్రాలు ఉన్నప్పుడు ఆంగ్ల ఉపశీర్షికలు చదవలేని ప్రేక్షకుల కోసం తెలుగులో రెండు మూడు వాక్యాల పరిచయం ముద్రించి ఇవ్వాలి.

ఉత్సవానికి ముందురోజు ప్రతి చిత్రాన్ని అదే హాలులో, అదే యంత్రంపై పరీక్షించాలి. చిత్రాలను అంతర్జాలం నుంచి నేరుగా నడపకుండా కంప్యూటరులో భద్రపరచుకొని, మరొక ప్రతిని విడిగా ఉంచుకోవాలి. బొమ్మ అడ్డంగా సాగిపోకుండా, అంచులు తెగిపోకుండా ఉన్నదా అని చూడాలి. ఒక్కొక్క చిత్రం ధ్వని ఒక్కొక్క స్థాయిలో ఉంటుంది కనుక చివరి వరుసలో కూర్చొని విని, తగిన స్థాయిని కాగితంపై రాసుకోవాలి. ఖాళీ హాలులో గట్టిగా వినిపించిన ధ్వని జనంతో నిండిన హాలులో తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి. కిటికీలకు నల్లని తెరలు కట్టాలి. పగటి వెలుగు చొరబడిన హాలులో ఎంత మంచి ప్రొజెక్టరైనా నిష్ప్రయోజనమే.

సమయపాలన మరొక ముఖ్యాంశం. ముఖ్య అతిథి రాక కోసం గంటసేపు ప్రదర్శనను ఆపడం, జ్యోతి ప్రజ్వలన మొదలు వందన సమర్పణ దాకా ఉపన్యాసాలతో పూట గడపడం మన సభలలో సర్వసాధారణం. చిత్రం చూడడానికి వచ్చినవారికి చిత్రమే ముఖ్య అతిథి. ఉపన్యాసాల కోసం చిత్రాన్ని మధ్యలో నిలపడం కథను సగం అచ్చువేసి వదిలివేయడం వంటిది.

ప్రతి ప్రదర్శన తరువాత అరగంట చర్చ ఉండాలి. ‘బాగుంది’, ‘బాగులేదు’ అన్న మాటల దగ్గర ఆగిపోకుండా, ఆ దృశ్యం ఎందుకు కదిలించింది, ఈ ముగింపు ఎందుకు అతకలేదు అని అడిగేటట్లు సంధానకర్త నడిపించాలి. పొగడ్త దర్శకుని సంతోషపెడుతుంది. ప్రశ్న అతనిని ఎదిగిస్తుంది. బహుమతులు తప్పనిసరి కావు. ఇచ్చేటట్లయితే కొద్దిగా ఇచ్చి, న్యాయనిర్ణేతలు తమ నిర్ణయానికి కారణాన్ని వేదికపై చెప్పాలి.

ఉత్సవం ముగిసిన తరువాత జమాఖర్చుల పట్టికను బహిరంగంగా ప్రకటించాలి. దర్శకులకు ప్రేక్షకుల స్పందనను తెలియజేయాలి. అనుమతి ఇచ్చిన గడువు ముగిశాక చిత్రాల ప్రతులను తొలగించాలి. ఈ పనులు ఎవరి కంటా పడవు. అయినా మరుసటి ఏటి ఉత్సవం వీటిమీదే నిలబడుతుంది.

ఒక పట్టణంలో ఏడాదికి రెండు రోజులు మంచి చిత్రాలు చూపినంత మాత్రాన సమాజం మారిపోదు. కానీ తమ ఊరి చెరువును, తమ వీధి నేతగాడిని, తమ ఇంటి యాసను తెరమీద చూసుకొన్న యువకునికి సినిమా దూరపు మహానగరపు వస్తువు కాదని తెలుస్తుంది. నలుగురితో కలసి చూడడం, ఎదుటివాని అభిప్రాయాన్ని వినడం, నచ్చనిదానిని కూడా చివరి వరకు చూసి కారణం చెప్పడం అలవడుతుంది. తెర పరిమాణం ఎంతైనా కావచ్చు. దానిముందు కూర్చున్నవారి శ్రద్ధ, దానివెనుక నిలుచున్నవారి నిజాయితీ ఉత్సవాన్ని గొప్పదిగా చేస్తాయి.

కఠిన పదాలు – అర్థాలు

నిడివి = పొడవు, కాలపరిమాణం
సాధకబాధకాలు = అనుకూల, ప్రతికూల అంశాలు
సమంజసం = తగినది, యుక్తమైనది
ప్రభృతులు = మొదలైనవారు
ప్రాయోజకత్వం = ఖర్చు భరించి అండగా నిలవడం
విశ్వసనీయత = నమ్మదగిన స్వభావం
ప్రత్యామ్నాయం = ఒకదానికి బదులుగా ఉండేది
సంధానకర్త = చర్చను కలుపుతూ నడిపేవాడు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చిత్రోత్సవ నిర్వాహకుడు సంపాదకుడు కూడా అన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
2. లఘుచిత్రాల ఎంపికలో పాటించవలసిన నియమాలను వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. లఘుచిత్రం సినిమాహాలుకు దూరం కావడానికి కారణమేమిటి?
2. క్లెర్మోఁ-ఫెరాఁ ఉత్సవం ఎదిగిన క్రమాన్ని తెలపండి.
3. ‘వికల్ప్’ ఉత్సవం ఏ పరిస్థితులలో జరిగింది?
4. ప్రదర్శనకు ముందురోజు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. చిత్రం చూడడానికి వచ్చినవారికి చిత్రమే ముఖ్య అతిథి.
2. పొగడ్త దర్శకుని సంతోషపెడుతుంది. ప్రశ్న అతనిని ఎదిగిస్తుంది.

IV. సంధి విడదీసి, సంధి పేరు తెలపండి.
చిత్రోత్సవం, వారోత్సవం, ముఖ్యాంశం

V. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
లఘుచిత్రం, ప్రేక్షకహృదయం, జమాఖర్చులు

VI. కృత్యం
మీ కళాశాలలో ఒకరోజు లఘుచిత్ర ప్రదర్శన జరుపుతున్నారనుకొని, చిత్రాలను ఆహ్వానిస్తూ ఒక ప్రకటనను, ఎంపిక కాని చిత్ర దర్శకునికి ఒక లేఖను రాయండి.